వదులుకున్న వంతులు

ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో నేను పిల్లలకి లెక్కలు చెప్పిందెంతో గానీ టైంటేబుళ్ళు వేసింది మాత్రం చాలానే. ఏ క్లాసుకి ఏ పీరియడు, ఎవరు సెలవు పెడితే ఎవరిని పంపాలి, డ్రిల్లు మేష్టారిని సైన్సు పీరియడులోకి ఎలా నెట్టాలి, ఇవన్నీ నా నెత్తినే ఉండేవి. రిటైరయ్యాక ఆ పీడ వదిలిందనుకున్నాను. వదల్లేదు. మా లంకకి సోలారు కరెంటు వచ్చింది. దాన్ని పంచడానికి టైంటేబులు వెయ్యమని ఊరంతా కలిసి మళ్ళీ నా ఇంటికే వచ్చారు.

మాది రాజోలు వైపు, గోదావరి పాయల మధ్య ఉన్న లంక. అరవై గడపలకి మించి ఉండవు. ఒడ్డు నుంచి వచ్చే కరెంటు తీగ ఒక వరదకి స్తంభాలతో సహా కొట్టుకుపోయింది. మళ్ళీ వేస్తాం, ఇదిగో వేస్తాం అంటూ చాలా కాలం గడిపారు. చివరికి బడి డాబా మీదా, పక్కనున్న మెరక మీదా సోలారు పలకలు పెట్టి, ఒక గదిలో బ్యాటరీలు పేర్చి, అక్కణ్ణుంచి ఇళ్ళకి తీగలు లాగారు. పెట్టినవాళ్ళు దాన్ని మైక్రోగ్రిడ్ అన్నారు. మేము సోలారనే అన్నాం. ఒక జనరేటరు కూడా ఇచ్చారు గానీ అది ఏడాది తిరక్కుండానే మూలపడింది. బాగుచేసే మనిషి ప్రతి ఫోనుకీ "రేపొస్తానండి" అనేవాడు.

ఎండ ఉన్నంతసేపు మాకు కరెంటుకి లోటు లేదు. చిక్కంతా మనుషుల అలవాట్లతోటే. సాయంత్రం ఆరయ్యేసరికి అరవై గడపల్లోనూ బల్బులు, ఫ్యాన్లు, టీవీలు ఒక్కసారి వేస్తారు. సరిగ్గా అప్పుడే పిండిమరకి బియ్యం పట్టుకొస్తారు. మిట్టమధ్యాహ్నం పలకలు ధారాళంగా ఇస్తుంటే తీసుకునే నాథుడు ఉండడు. అందుకని నేను చేసిన పని ఒకటే. ఆగగలిగేవేవో, ఆగలేనివేవో రెండు వరసలుగా రాశాను. బల్బూ, ఫ్యానూ ఆగవు. పిండిమర, కొబ్బరి ఎండబెట్టే డ్రయ్యరు, తాడు పేనే మోటారు రాట్నాలు, మంచినీళ్ళ ట్యాంకు మోటారు, ఇవి ఆగుతాయి. ఆగేవాటిని ఎండ వేళకి తోసేసి, ఆగనివాటి కోసం బ్యాటరీ మిగుల్చుకోవాలి. రోజూ పొద్దున్నే బ్యాటరీ ఎంత శాతం ఉందో చూసి, ఆకాశం చూసి, ఫోనులో వాతావరణం చూసి, బడి గోడ మీది నల్లబోర్డు మీద ఎవరి వంతు ఎన్నింటికో రాసేదాన్ని. చాక్‌పీసు పట్టుకుంటే నా చెయ్యి దానంతట అదే నడుస్తుంది.

మొదటి మీటింగులో జనానికి ఇదంతా ఎలా చెప్పాలా అని ఆలోచించాను. శాతాలూ, కిలోవాట్లూ అంటే ముందు వరసవాళ్ళు ఆవలించి, వెనక వరసవాళ్ళు లేచిపోతారు. అందుకని అందరికీ తెలిసిన ముక్క ఎత్తుకున్నాను.

"ఇది కాలువ నీళ్ళ వంతు లాంటిదేనండి. దాళ్వా పంటకి నీళ్ళు చాలకపోతే ఏం చేస్తారు? వంతులు వేసుకుంటారా లేదా? ఇదీ అంతే" అన్నాను.

అందరూ "ఆయ్" అన్నారు. ఆ ఒక్క పోలికతో మీటింగు అరగంటలో ముగిసింది. నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను. మంచి ఉదాహరణ దొరికితే సగం పాఠం అయిపోయినట్టేనని ట్రైనింగులో నేర్చుకున్న మాట. మిగతా సగం చెప్పకుండా వదిలేస్తే ఏమవుతుందో ఎవరూ నేర్పలేదు.

కాలువ వంతుకి ఒక పద్ధతి ఉంది. ఇవాళ నా వంతు నీళ్ళు నీ చేనుకి వదిలితే, రేపు నా చేను ఎండుతున్నప్పుడు నువ్వు నీ వంతు నాకు వదలాలి. అడక్కుండానే వదులుతారు. వదలనివాడితో ఎవరూ మాట్లాడరు. కరెంటు అలా కాదు. ఇవాళ్టి ఎండ ఇవాళే అయిపోతుంది. మా బ్యాటరీలు ఒక రాత్రికి, మహా అయితే మర్నాటి ముసురుకి పనికొస్తాయి. ఎవరు వదిలిన వంతు ఆ పూటే ఇంకెవరో వాడేసుకుంటారు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసినది చెప్పలేదు.

మా వీధి చివరింట్లో కొబ్బరి పీచుతో తాళ్ళు పేనే ఆవిడ ఉంది. నాకంటే పదేళ్ళు చిన్న. కొత్తపేట వైపు పుట్టింది. వాళ్ళ నాన్న ఆసాముల చేలకి నీళ్ళు కట్టేవాడు కాబట్టి వంతుల సంగతి చిన్నప్పటి నుంచీ ఎరుగును. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోతే, ఈ లంకలో ఉంటున్న తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. తమ్ముడికి పిల్లల్లేరు. అతని భార్య కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి ఏడేళ్ళు. మధ్యలో ఒక్కసారే వచ్చి వెళ్ళింది. నేను చెప్పే రోజులకి తమ్ముడికి కాలేయం పూర్తిగా పాడైపోయింది. అమలాపురం డాక్టర్లు ఇంక ఇంటికి తీసుకెళ్ళి కావలసినవి పెట్టమన్నారు. అతను వాకిట్లో మంచం మీద పడుకుని గోదావరి వైపు చూస్తుండేవాడు. అక్క పక్కనే కూర్చుని తాడు పేనుతుండేది.

ఆవిడ మోటారు రాట్నానికి మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకూ వంతు రాశాను. ఒకరోజు బోర్డు దగ్గరకి వచ్చింది.

"ఇవాళ నా వంతు ఎవరికన్నా ఇచ్చేయండి టీచరుగారు. నాకు అక్కర్లేదండి."

మర్నాడు కూడా అదే మాట. ఆ తర్వాత వారంలో మూడు నాలుగు రోజులు అదే వరస. మోటారుంచుకుని, పాత చేతి రాట్నం తీసి తిప్పడం మొదలుపెట్టింది. అరచేతులు పీచుకి ఒరుసుకుపోయి ఎర్రగా ఉండేవి.

నాకు నోరు ఊరుకోదు. "ఏమ్మా, మోటారు మీద అలిగేవా? నీకు త్యాగానికి మెడలో దండ వెయ్యమంటావా?" అన్నాను.

ఆవిడ నవ్వింది. "ఉండనివ్వండి. ఎప్పటికన్నా అక్కరకొస్తాయండి" అంది.

ఊళ్ళో నలుగురి మంచి సంపాదించుకుంటోంది కాబోలు అనుకున్నాను. వదిలిన వంతు నాకు మహా సుఖంగా ఉండేది. అడిగినవాళ్ళకి సర్దేదాన్ని. ఆవిడ ఎందుకు వదులుతోందో అడగాలనిపించలేదు. క్లాసులో అల్లరి చెయ్యని పిల్లని మేష్టర్లు పట్టించుకోరు చూడండి, అలాగన్నమాట.

ఆషాఢంలో ముసురు పట్టింది. గోదావరి ఎర్రగా పొంగింది. మూడు రోజులు ఎండ ముఖం చూడలేదు. అప్పటికే ఊళ్ళో సగం ఇళ్ళవాళ్ళు కొబ్బరి కొట్టి ఉన్నారు. పచ్చి చిప్పలకి బూజు పట్టడం మొదలైంది. సోమవారం పొద్దున్న కాస్త వెలుగొచ్చి బ్యాటరీ కొంచెం నిండింది. సాయంత్రానికి అరవై శాతం ఉంది. ముసుర్లో అరవై శాతం ఉంటే దాన్ని ముట్టుకోకూడదు. ఆ నియమం పెట్టిందీ నేనే. కానీ జనం వచ్చి గోల పెట్టారు. ఫోను చూస్తే రేపు ఎండ అని పసుప్పచ్చ బొమ్మ చూపించింది. పీచావిడ కూడా ఆ రోజు తన వంతు వదిలేసింది. ఆ వంతుకి ఇంకాస్త కలిపి, డ్రయ్యరు వేసుకోమని రాశాను. డ్రయ్యరులో ముందు పోసిన బుట్టలు నావే. నాకూ అరెకరం కొబ్బరితోట ఉంది. ఈ ముక్క ఇక్కడ రాయకపోతే ఇదంతా రాయడం దండగ.

తెల్లారేసరికి బ్యాటరీ ముప్ఫై ఆరుకి దిగింది. ఎండ రాలేదు. ఏడింటికి పీచావిడ తమ్ముడు పోయాడు.

మా వాళ్ళలో మనిషి పోతే కువైట్‌లోనో, మస్కట్‌లోనో ఉన్నవాళ్ళు వచ్చి ముఖం చూసేదాకా ఫ్రీజరు పెట్టెలో ఉంచుతారు. అద్దం మూతున్న పెట్టె అది. కోనసీమలో ఏ టెంటు హౌసువాడినడిగినా తెచ్చిపెడతాడు. పది గంటలకల్లా రాజోలు నుంచి పెద్ద పడవలో పెట్టె వచ్చింది. అదే ఆ పడవకి ఆఖరి దాటింపు. వరద పెరుగుతోందని అధికారులు దాన్ని ఆపేశారు. చిన్న ఇంజను పడవ మాత్రం మనుషుల్ని దాటించడానికి ఉంచారు. జనరేటరు కోసం ఫోన్లు చేస్తే, ఉన్నవన్నీ వరద శిబిరాలకి పోయాయన్నారు.

పెట్టె దించుతుండగా పీచావిడ మా ఇంటికి వచ్చింది. ఏడవడం లేదు. చేతిలో జానెడు పీచు తాడు ముక్క ఉంది. దాన్ని నా ముందు బల్ల మీద పెట్టింది.

"పదిహేడున్నాయండి. చూసుకోండి" అంది.

తాడుకి పదిహేడు ముళ్ళున్నాయి. వదిలిన ప్రతి వంతుకీ ఒక ముడి వేసుకుంది.

"మా మరదలికి పాస్‌పోర్టు ఇయ్యాళ చేతికిస్తామన్నారంటండి, అక్కడ పనిచేసే ఇంటివాళ్ళు. శుక్రవారం మద్దేన్నానికి వచ్చేస్తుంది. అందాకా పెట్టె ఆగకూడదు కదండి. అందుకనే దాచుకున్నాను. వాడు బతికుండగా ఈ మాట ఎలా చెప్తానండి? అపశకునం కదండి. మీరు చెప్పేరు కదా, కాలువ వంతు లాంటిదేనని."

అప్పుడైనా చెప్పాలి కదా, వంతులు దాగవమ్మా, అవి ఏ రోజుకారోజే అయిపోయాయి, నిన్నటిది నా కొబ్బరికి పోయింది అని. చెప్పలేకపోయాను. "ఆయ్, చూస్తానమ్మా" అన్నాను. ఆవిడ తాడు ముక్క నా దగ్గరే వదిలేసి వెళ్ళిపోయింది.

బోర్డు తుడిచేశాను. పిండిమర లేదు, డ్రయ్యరు లేదు, రాట్నాలు లేవు, ఇళ్ళలో టీవీ లేదు, ఫ్యాను లేదు. ఇంటికొక బల్బు, అది కూడా గంట. మిగతాదంతా పెట్టెకి. కారణం రాయలేదు. రాయక్కర్లేకపోయింది. ఫోన్లు చార్జింగు లేక ఒక్కొక్కటే ఆగిపోతుంటే, ఉన్న ఒక్క ఫోనూ పీచావిడకిచ్చారు. కువైట్ కబురు దానికే రావాలి. బుధవారం సాయంత్రం మరదలు మాట్లాడింది. విమానం ఎక్కబోతున్నానంది, దారిలో ఇంకో విమానం మారాలంది. "ఉంచండి వదినా, నేనొచ్చేస్తన్నాను" అంది. అక్క ఫోనుని పెట్టె అద్దం దగ్గర పట్టుకుని ముఖం చూపించబోయింది. మబ్బుకి లోపల ఏమీ కనపడలేదు. అద్దం మీద ఫోను పట్టుకున్న చెయ్యే కనిపించింది. "ఇలా వద్దులే వదినా, వచ్చి చూసుకుంటాను" అని మరదలు పెట్టేసింది. ఆ తర్వాత ఆమె నంబరు మోగలేదు. కువైట్ సిమ్ము ఇక్కడికొచ్చాక పనిచెయ్యలేదని తర్వాత తెలిసింది.

ఆ రెండు రోజులూ నేను బ్యాటరీల గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ముప్ఫై ఆరు. పగలు ఆ మసక వెలుగుకి నలభై ఒకటి. మళ్ళీ ముప్ఫై మూడు. ఇరవైకి దిగితే ఊరంతటికీ దానంతట అదే ఆగిపోతుంది, మళ్ళీ మంచి ఎండ కాసేదాకా లేవదు. నేను దేవుణ్ణి ఎండ అడిగాను. చర్చిలో నలభయ్యేళ్ళుగా చేసిన ప్రార్థనల్లో అంత సూటిగా ఏదీ అడగలేదు.

గురువారం పొద్దున్న ఇరవై ఆరు ఉంది. ట్యాంకులో మంచినీళ్ళు ముందురోజే అడుగంటాయి. నేనే మోటారు వాయిదా వేశాను, ఆగేవాటి వరసలో ఉంది కదా అని. జనం వరద నీళ్ళు పటిక వేసి తాగారు. ఎనిమిదింటికల్లా నలుగురు పిల్లలకి వాంతులు, విరేచనాలని కబురొచ్చింది. చిన్న పడవలో ఇద్దరిని ఒడ్డుకి పంపాం. పాస్టరుగారు, ఊరి పెద్దలిద్దరు గది దగ్గరకి వచ్చారు.

"ఏం చెయ్యమంటారండి?" అన్నారు పాస్టరుగారు.

నాకు లెక్క ముందే తెలుసు. మోటారు గంటన్నర తిరిగితే ట్యాంకు నిండుతుంది. దాంతో ఇరవైకి చేరతాం. పెట్టె కొనసాగితే మోటారు లేదు. రెండూ కావాలంటే సోమవారం సాయంత్రం డ్రయ్యరు తిరక్కుండా ఉండాలి. తిరగకపోతే శుక్రవారం మధ్యాహ్నం దాకా సరిపోయేది. ఇది ఊహించి చెప్పడం కాదు. కాగితం మీద రెండుసార్లు వేసి చూశాను. నా జీవితంలో తప్పు రావాలని కోరుకుంటూ చేసిన లెక్క అదొక్కటే. తప్పు రాలేదు.

పీచావిడకి నేనే వెళ్ళి చెప్పాను. పెట్టె పక్కన కూర్చుని ఉంది. "ఆపేస్తున్నామమ్మా" అన్నాను. నా ముఖంలోకి చూసింది.

"నా పదిహేడూ అయిపోయేయాండి?" అంది.

"అయిపోయాయమ్మా" అన్నాను.

తొమ్మిదిన్నరకి పెట్టె స్విచ్చి నా చేత్తోనే తీశాను. ఇంకెవరి చేతా తీయించాలనిపించలేదు. పదకొండింటికి, సన్నటి వానలో, మెరక మీదున్న మా సమాధుల తోటలో భూస్థాపన చేశారు. వెనకాల ట్యాంకులో నీళ్ళు పడుతున్న చప్పుడు పాటల మధ్యలో వినపడుతూనే ఉంది.

శుక్రవారం పొద్దున్న ఎండ కాసింది. ఎలాంటి ఎండంటే, ముసురన్నది ఎప్పుడూ పట్టనట్టు. పదకొండున్నరకల్లా బ్యాటరీ వంద చూపించింది. ఆపైన పలకలు ఇవ్వగలిగినా తీసుకునే చోటు లేదు. ఊరంతా ఫ్యాన్లు వేసుకున్నారు. పిండిమర తిరిగింది. ట్యాంకు పొర్లిపోయింది. ఇంకా మిగిలిపోతోంది. ఆ గదిలో ఆ అంకె చూస్తూ నేను గట్టిగా ఏడ్చాను. మా ఆయన పోయినప్పుడు కూడా అంత గట్టిగా ఏడవలేదు.

పన్నెండు దాటాక చిన్న పడవలో మరదలు దిగింది. రేవులోనే ఎవరో చెప్పేశారట. నేను ఆ ఇంటికి వెళ్ళేసరికి సమాధి దగ్గరికి వెళ్ళి వచ్చేసింది. వాకిట్లో నేల మీద కూర్చుని ఉంది. ప్రయాణంలో నలిగిన బట్టలు, కాళ్ళకి తడి మట్టి, పక్కన ప్లాస్టిక్ తాడు కట్టిన సూట్‌కేసు. ఆడపడుచు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి చేతికిచ్చింది. ఆమె సగం తాగి నన్ను చూసింది.

"టీచరుగారండి, తీసేసింది మీరేనంట కదండి."

"ఆయ్, నేనేనమ్మా."

"ఇంకొక్కరోజు ఆగలేకపోయేరా అండి?"

గొంతులో కోపం లేదు. ఉంటే నాకు సుఖంగా ఉండేది.

"ట్యాంకు ఖాళీ అయిపోయిందమ్మా. వరద నీళ్ళు తాగి పిల్లలకి జబ్బు చేసింది. ఉన్న కాస్తా మంచినీళ్ళ మోటారుకి కావలసొచ్చింది" అన్నాను.

ఆమె చేతిలో ఉన్న గ్లాసులోకి చూసింది. తర్వాత మిగతా సగం నెమ్మదిగా, చుక్క మిగలకుండా తాగి గ్లాసు కింద పెట్టింది.

"మరేనండి. పిల్లలున్న ఊరు. పోయినోళ్ళ కోసం ఉన్నోళ్ళని ఎండబెడతారా? మీరు మంచిపనే చేసేరండి" అని నా రెండు చేతులూ తీసుకుని కళ్ళకి అద్దుకుంది.

నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ సోమవారం సాయంత్రం మాట అందులో లేదు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె కన్నీళ్ళు నా చేతుల మీద పడుతుంటే వెనక్కి మింగేశాను. తలెత్తి చూస్తే గుమ్మంలో అక్క నిలబడి ఉంది. ఆ సాయంత్రం తన వంతు ఎక్కడికి పోయిందో, డ్రయ్యరు ముందు ఎవరి బుట్టలున్నాయో ఆవిడకి తెలుసు. ఆ దారినే వెళ్తూ చూసింది. ఇప్పుడు చెప్పేస్తుందనుకున్నాను, చెప్పెయ్యాలని కోరుకున్నాను కూడా. ఆవిడ వంగి ఖాళీ గ్లాసు తీసుకుని, "మీకూ మంచినీళ్ళు తెమ్మంటారా టీచరుగారు?" అని అడిగింది.